నాలుగు కోట్ల పర్సులో రెండు లక్షల పోరడు

సింగరేణి కాలరీస్ కంపెనీ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ఈ లేఖలో కారుణ్య నియామకాల ఊసు లేదు, క్వార్టర్ల రిపేర్ల ఊసు లేదు. వేలం మాట మాత్రం ఉంది. అది బొగ్గు బ్లాకుల వేలం కాదు, హాకీ ఆటగాళ్ల వేలం. బొగ్గు కంపెనీ టేబుల్ మీదికి హాకీ ఫైలు ఎందుకొచ్చిందని అధికారులెవరైనా అడిగితే, వాళ్లకు ఒక్క పేరు చెబితే చాలు: మహానది కోల్‌ఫీల్డ్స్.

కోల్ ఇండియా కింద పనిచేసే ఆ కంపెనీ హెడ్డాఫీసు సంబల్‌పూర్ పక్కన బుర్లాలో ఉంది. ఒడిశా ప్రభుత్వ సంస్థ ఇడ్కోతో కలిసి అది కళింగ లాన్సర్స్ అనే హాకీ జట్టును నడిపింది. ఆ జట్టు 2014లో హాకీ ఇండియా లీగ్‌లో అడుగుపెట్టింది. 2015 వేలంలో జర్మనీ ఆటగాడు మోరిట్జ్ ఫ్యూర్‌స్టెను 1,05,000 డాలర్లకు కొన్నది. ఆ వేలంలో అంతకు మించిన ధర ఎవరికీ పలకలేదు. 2016 ఫైనల్‌లో పంజాబ్ వారియర్స్ చేతిలో 6-1తో చిత్తయింది. మరుసటి ఏడాది చండీగఢ్‌లో దబంగ్ ముంబైని 4-1తో ఓడించి కప్పు ఎత్తుకుంది. బొగ్గు డబ్బుతో నడిచిన జట్టు దేశంలోని పెద్ద హాకీ లీగ్‌ను గెలిచిందన్నమాట. ఆ వెంటనే లీగే ఆగిపోయి, మళ్లీ మొదలవడానికి ఏడేళ్లు పైనే పట్టింది. అది వేరే కథ.

సింగరేణి కూడా ఒక జట్టును కొనాలని అడగడానికి కాదు ఈ లేఖ. నిజానికి కొనవద్దనే దీని సలహా. ఎందుకో చెప్పాలంటే వేలం లెక్క కొంచెం విప్పి చూడాలి.

2024 అక్టోబరులో ఢిల్లీలో మూడు రోజుల పాటు వేలం జరిగింది. పురుషుల జట్లు ఎనిమిది. ఒక్కో జట్టుకు పర్సు 4 కోట్ల రూపాయలు, అంతకు పైసా ఎక్కువ పెట్టడానికి లేదు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా హద్దు అదే. ఆ డబ్బుతో 24 మందిని తీసుకోవాలి. అందులో 16 మంది భారతీయులు, 8 మంది విదేశీయులు. ఆ 16లోనూ కనీసం నలుగురు జూనియర్లు ఉండి తీరాలి. ఆటగాళ్ల బేస్ ధరలు మూడు మెట్లు: 10 లక్షలు, 5 లక్షలు, 2 లక్షలు.

4 కోట్లను 24తో భాగిస్తే తలకు 16 లక్షల 66 వేల చిల్లర వస్తుంది. వేలంలో సగటుకు ఆటగాడెవడూ దొరకడు. హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా హాకీ క్లబ్ 78 లక్షలకు కొన్నది, అంటే పర్సులో ఐదో వంతు ఒక్క మనిషికే పోయింది. బెంగాల్ టైగర్స్ అభిషేక్‌కు 72 లక్షలు పెట్టింది. (2012 చివర్లో జరిగిన మొట్టమొదటి వేలంలో సర్దార్ సింగ్ ధర 78,000 డాలర్లు. పన్నెండేళ్లకు అదే 78 అంకె లక్షల రూపాయల్లోకి మారింది. అప్పటి మారకం చూస్తే ధర రెట్టింపుకు దగ్గరగా పెరిగినట్టు.)

మన రాజధాని పేరు పెట్టుకున్న జట్టు హైదరాబాద్ తుఫాన్స్. యాజమాన్యం రెజల్యూట్ స్పోర్ట్స్. వాళ్లు గొంజాలో పేయాకు 68 లక్షలు, సుమిత్‌కు 46, నీలకంఠ శర్మకు 34, జర్మనీ గోల్‌కీపర్ జీన్ పాల్ డానెబెర్గ్‌కు 27 లక్షలు పెట్టారు. నలుగురికే కోటీ 75 లక్షలు. మిగిలింది రెండు కోట్ల పాతిక లక్షలు, నింపాల్సిన జాగాలు ఇరవై. తలకు పదకొండుంపావు లక్షలు. అందులోనూ ఒక్కరికి పాతిక పెడితే మిగతా 19 మందికి మిగిలేది తలకు పదిన్నర లక్షలే. పెద్ద పేరు ఒకటి జట్టులో చేరిన ప్రతిసారీ కింద ఎక్కడో ఒక పోరడి ధర తగ్గుతుంది.

జట్టును కట్టడమంటే చూసేవాళ్లకు పై నలుగురి పేర్లే కనిపిస్తాయి. వేలం బల్ల దగ్గర కూర్చున్న కోచ్‌కు చెమట పట్టించేది కింది పదిమంది.

లీగ్ మళ్లీ మొదలయ్యాక మొదటి సీజన్ ఫైనల్ 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియంలో జరిగింది. తుఫాన్స్‌కు ఎదురుగా బెంగాల్ టైగర్స్. నెదర్లాండ్స్ కోచ్ పాషా గాడెమన్ తయారుచేసిన తుఫాన్స్‌కు సుమిత్ కెప్టెన్. తొమ్మిదో నిమిషంలో పేయా గోల్ కొట్టాడు. 25వ నిమిషంలో బెంగాల్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ లెక్క సమం చేస్తే, నిమిషం తిరక్కుండా ఒడిశా కుర్రాడు అమన్‌దీప్ లక్రా తుఫాన్స్‌ను మళ్లీ ముందుకు తెచ్చాడు. విరామం తర్వాత జుగ్‌రాజ్ వరుసగా రెండు కొట్టి హ్యాట్రిక్ పూర్తి చేశాడు. 39వ నిమిషంలో పేయా మళ్లీ సమం చేశాడు. 3-3. చివర్లో న్యూజిలాండ్ ఆటగాడు సామ్ లేన్ ఒకటి వేసి కప్పును కోల్‌కతాకు పంపించాడు. ఒక్క గోల్ తేడా. గెలిచినవాళ్లకు 3 కోట్లు, ఓడిన తుఫాన్స్‌కు 2 కోట్లు.

ఆ మ్యాచ్‌లో ధరల చీటీలు పక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జుగ్‌రాజ్‌ను బెంగాల్ కొన్నది 48 లక్షలకు. సీజన్ మొత్తంలో 12 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచింది అతనే. పేయా 68 లక్షల మనిషి. రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు స్వర్ణం తెచ్చి, తర్వాత జర్మనీకి మారి 2023 ప్రపంచ కప్పు గెలిచినవాడు. హర్మన్‌ప్రీత్, పేయా, జుగ్‌రాజ్, తమిళనాడు డ్రాగన్స్ 48 లక్షలకు తీసుకున్న అమిత్ రోహిదాస్, ఈ నలుగురినీ కలిపే విద్య ఒకటే: డ్రాగ్ ఫ్లిక్.

పెనాల్టీ కార్నర్ వచ్చిందనుకోండి. బేస్‌లైన్ మీది నుంచి ఒకడు బంతిని లోపలికి తోస్తాడు. గోల్ ముందుండే డీ ఆకారపు గీతకు అవతల ఇంకొకడు దాన్ని కట్టె అడ్డం పెట్టి కదలకుండా ఆపుతాడు. ఫ్లికర్ రెండడుగులు ఊపు తీసుకుని, నడుము నేలకు దగ్గరయ్యేదాకా వంగి, కట్టె వంపులో బంతిని పట్టి ఈడ్చుకుంటూ వచ్చి విసురుతాడు. కొట్టడం కాదు, ఈడ్చి వదలడం. అవతల గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు పరుగెత్తుకుని మీదికి వస్తుంటారు. లెక్కంతా రెండు మూడు సెకండ్లలో ముగుస్తుంది. ఆ ఈడ్పులో బంతి ఒక్కసారి ఎగిరిపడినా విసురు గతి తప్పుతుంది. మట్టి గ్రౌండ్‌లో బంతి ఎగరకుండా ఉండదు. అందుకే వేలంలో అన్నింటికంటే ఖరీదైన ఈ విద్య టర్ఫ్ లేని ఊళ్లో పుట్టదు.

హర్మన్‌ప్రీత్‌ది అమృత్‌సర్ పక్కన తిమ్మోవాల్ పల్లె. రైతు కొడుకు, చిన్నప్పుడే ట్రాక్టర్ నడిపినవాడు. 2011లో జలంధర్‌లోని సుర్జీత్ అకాడమీలో చేరాక గానీ ఫ్లిక్ చేతికి రాలేదు. పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ అతనే, ఆ పోటీల్లో 10 గోల్స్ కొట్టిందీ అతనే. 78 లక్షల ధర వెనక ఆ అకాడమీ లెక్క ఉంది. దాన్ని ఏ ఫ్రాంచైజీ పర్సూ భరించలేదు. వేరెవరో ముందే భరించి ఉండాలి.

సింగరేణితో మాట్లాడాల్సింది ఆ 'వేరెవరో' గురించే.

పరిమితి పెట్టిన ఆటల్లో ఇదే పాఠం ప్రపంచమంతా కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి నేషనల్ హాకీ లీగ్ ఉంది. జీతాల మీద యజమానులకు, ఆటగాళ్లకు పంచాయితీ ముదిరి 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. అప్పటినుంచి జట్టు జీతాలకు గరిష్ఠ పరిమితి వచ్చింది. మొదటి ఏడాది అది 3.9 కోట్ల డాలర్లు, 2025-26కు 9.55 కోట్ల డాలర్లు. మన లెక్కలో 800 కోట్ల రూపాయలకు పైమాటే. ఎండాకాలంలో ఆ పరిమితిని పది శాతం దాటడానికి వెసులుబాటు ఉంటుంది. సీజన్ మొదలయ్యేసరికి మాత్రం లోపలికి రావాల్సిందే. అందుకే అక్కడ ఆట లేని నెలల్లోనే అసలు ఆట నడుస్తుంది.

షికాగో బ్లాక్‌హాక్స్ 2010 జూన్‌లో స్టాన్లీ కప్పు గెలిచింది. ఊరేగింపు పూలు వాడకముందే బఫ్లిన్, లాడ్, వెర్‌స్టీగ్‌లను ఇతర జట్లకు ఇచ్చేయాల్సి వచ్చింది. కప్పు గెలిపించిన గోల్‌కీపర్ నీయెమీనీ వదులుకుంది. తప్పు చేసి కాదు, పరిమితిలో ఇమడక. అయినా 2013లో, 2015లో అదే జట్టు మళ్లీ గెలిచింది. ఖరీదైన ఇద్దరు ముగ్గురిని పట్టుకుని, మిగతా జాగాలను తక్కువ జీతపు కుర్రాళ్లతో నింపుకోగలిగింది కాబట్టి.

అందరి దగ్గరా ఒకే పర్సు ఉన్నప్పుడు స్టార్ ధర అందరికీ ఒక్కటే. హర్మన్‌ప్రీత్‌ను ఎవరు కొన్నా 78 లక్షలే, లాభం ఏమీ మిగలదు. 2 లక్షలకు కొన్న కుర్రాడు 20 లక్షల ఆట ఆడితే మాత్రం మిగిలేదంతా జట్టుకే. ఆ నలుగురు జూనియర్ జాగాలు నిబంధన కోసం నింపేవనుకుంటే పొరపాటు. జట్టుకూ జట్టుకూ తేడా వచ్చేది సరిగ్గా అక్కడే.

ఇక్కడ కోల్‌బెల్ట్ జనానికి వెంటనే తట్టే అంకె ఒకటుంది. 2025 దసరాకు ముందు సింగరేణి తన లాభాల్లోంచి 819 కోట్లు కార్మికులకు ప్రకటించింది. సగటున ఒక్కో పర్మనెంట్ కార్మికుడికి లక్షా 95 వేల చిల్లర. హాకీ లీగ్ వేలంలో అట్టడుగు బేస్ ధర 2 లక్షలు. ఎనిమిది జట్ల పర్సులూ కలిపితే 32 కోట్లు. మా గోదావరిఖనిలో లాభాల వాటా పడిన వారం చౌరస్తాలోని బంగారం షాపులు, బైకుల షోరూంలు ఎట్లా కిటకిటలాడతాయో చూసినవాళ్లకు ఈ లీగ్ అందని ద్రాక్షలా కనిపించదు.

డబ్బు సమస్య కాదు కాబట్టే, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న.

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాను చూడండి. ఇనుము, బొగ్గు, ఉక్కు, ఆదివాసీ పల్లెలు. అచ్చం మన గోదావరి పరీవాహకం లాంటి నేల. హాకీ ఇండియా అధ్యక్షుడు దిలీప్ తిర్కీ అక్కడి సౌనామారా పల్లెవాడు. పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్, ఉక్కు కంపెనీ సెయిల్ నడిపిన అకాడమీ, జిల్లాలోని 17 బ్లాకుల్లోనూ సింథటిక్ టర్ఫ్ వేయాలన్న రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇరవై వేల మంది పట్టే బిర్సా ముండా స్టేడియం అన్నింటికంటే చివర, 2023 జనవరిలో వచ్చింది. తుఫాన్స్ ఫైనల్ ఆడిన చోటు అదే. జార్ఖండ్‌లో టాటా స్టీల్ అండతో జంషెడ్‌పూర్‌లో నావల్ టాటా అకాడమీ ఉంది. గనుల కంపెనీలు, ఉక్కు కంపెనీలు ఆటగాళ్లను తయారుచేస్తే ఫ్రాంచైజీలు వేలంలో ఏరుకుంటున్నాయి. తుఫాన్స్ మొదటి జట్టులో సుమిత్ హరియాణావాడు, నీలకంఠ మణిపూర్‌వాడు, లక్రా ఒడిశావాడు. తప్పేమీ లేదు. ఎక్కడ తయారైతే అక్కడి నుంచే కదా కొనుక్కునేది.

తెలుగు నేలకు హాకీ కొత్తేమీ కాదు. హైదరాబాదీ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలో ఆడాడు. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య, ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె నుంచి గోల్‌కీపర్ రజని జాతీయ జట్టు దాకా వెళ్లారు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు మ్యాచ్‌లన్నీ గచ్చిబౌలిలోనే జరిగాయి, మొట్టమొదటి టైటిల్ గెలిచిందీ హైదరాబాద్ సుల్తాన్సే. ఆ లీగ్ నాలుగేళ్లకే మూతపడింది, జట్టు పేరు జనం మరిచిపోయారు. జట్టు పోయాక ఊళ్లో మిగలాల్సినవి గ్రౌండ్లు, కోచ్‌లు, ఆడే పిల్లలు.

జట్టు కొనవద్దు, ఇక్కడి పిల్లలకు టర్ఫ్ వేసి అకాడమీ పెట్టండి అనడానికి కారణం ఇదే. విశాఖ పేరున వచ్చిన టీమ్ గోనాసిక మొదటి సీజన్‌లో మన్‌ప్రీత్ సింగ్‌ను 42 లక్షలకు కొన్నది. రెండో సీజన్‌కు ఆ జట్టే లేదు. ఆ స్థానంలో రాంచీ రాయల్స్ వచ్చింది. యూపీ రుద్రాస్ కూడా డబ్బు భారం మోయలేక తప్పుకుంది. ఇక మన తుఫాన్స్ సంగతి: మొదటి సీజన్ మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీలలో, రెండోది చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లలో జరిగాయి. హైదరాబాద్ పేరున్న జట్టును హైదరాబాద్‌లో కూర్చుని టీవీలోనే చూడాలి. గోదావరిఖని సంగతి చెప్పేదేముంది!

గోదావరిఖనిలో ఏమున్నాయి? జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. రామగుండం ఏరియాల కాలనీల్లో సింగరేణి స్కూళ్లు ఉన్నాయి. కంపెనీ క్రీడా సంఘం డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ ఉంది. ప్రతి వేసవిలో క్యాంపులు, షిఫ్టు దిగాక ఆడుకునే కార్మికులకు పోటీలు అదే నడుపుతుంది. టర్ఫ్ ఒక్కటి లేదు. నీళ్ల టర్ఫ్ వేశాక పెద్ద ఖర్చు నీళ్లే. మ్యాచ్‌కు ముందు, మళ్లీ విరామంలో దాన్ని తడపాలి. తడి లేకపోతే బంతి వేగం తగ్గుతుంది, పడ్డ పిల్లల మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. పట్టణాలు నీళ్ల టర్ఫ్‌కు జంకేది అందుకే. గనుల్లో మాత్రం బొగ్గు తియ్యాలంటే ముందు నీళ్లు తోడాలి. పంపులు రాత్రింబవళ్లు నడవాల్సిందే. ఆ నీళ్లను శుద్ధి చేసి కాలనీలకు ఇవ్వడం కంపెనీకి తెలిసిన పనే. దేశంలో ఎక్కడైనా టర్ఫ్ తడపడానికి నీళ్లు వెతుక్కోవాలేమో గానీ, ఈ ఊళ్లో అక్కర్లేదు.

అభ్యంతరాలు వస్తాయి. ఇక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారు, కబడ్డీ ఆడతారు, హాకీ ఎవడు చూస్తాడంటారు. నిజమే. క్రికెట్ బ్యాట్ పట్టిన పిల్లలు దేశంలో కోట్ల మంది, జాతీయ జట్టులో జాగాలు పదకొండు. హాకీ లీగ్‌లో మాత్రం 2024 వేలంలోనే ఎనిమిది జట్లకు నలుగురు చొప్పున కనీసం 32 జూనియర్ జాగాలను ఎవరో ఒకరు నింపాల్సి వచ్చింది. ఆ నిబంధన ఉన్నంతకాలం గిరాకీ తగ్గదు. కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత నిధులతో చేయదగ్గ పనుల్లో ఒలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉందని ఫైనాన్స్ విభాగానికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ఇంకో మాట, పద్ధతి గురించి. లీగ్ ఫ్రాంచైజీలు సీజన్ అయిపోగానే ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదలాలో తేల్చుకుని, మినీ వేలానికి పోతాయి. 2025లో అది సెప్టెంబరులో జరిగింది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా వాళ్లకు కావలసింది చవకైన జూనియర్లను వెతికే కన్ను. ఆ ఏడెనిమిది నెలల్లో తుఫాన్స్ కోచ్‌లను వారం పది రోజులు గోదావరిఖనికి రప్పించడం కంపెనీకి పెద్ద పని కాదు. టర్ఫ్, హాస్టల్, తిండి సింగరేణివి, కోచింగ్ తుఫాన్స్‌ది. వేలం హద్దు ఆటగాళ్ల ధరలకే కాబట్టి అకాడమీ మీద పెట్టే రూపాయి పర్సును ముట్టదు. తుఫాన్స్ యాజమాన్యానికి కూడా ఇది నచ్చే బేరమే.

పూర్తి గ్రౌండ్ అంటే 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. దానికంటే ముందు ఐదుగురు ఆడే చిన్న టర్ఫ్ ఒకటి వేసి చూడవచ్చు. ఈ ఏడాది పన్నెండేళ్ల పిల్లలను పట్టుకుంటే వాళ్లు జూనియర్ జాగాకు తయారయ్యేసరికి ఆరేడేళ్లు. కొత్త భూగర్భ గని తవ్వి బొగ్గు బయటికి తేవడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. ఆ ఓపిక ఈ కంపెనీకి కొత్త కాదు. ఆడపిల్లలను పక్కన పెట్టకూడదన్నది ఈ లేఖ పట్టుదల. మహిళల లీగ్ కూడా 2025లో మొదలైంది. ఒక్కో జట్టు పర్సు 2 కోట్లు, ఉదితా దుహాన్ ధర 32 లక్షలు. తుఫాన్స్‌కు మహిళల జట్టు లేదు. రేపు పెట్టాలంటే ఎక్కడి పిల్లలతో పెడతారు?

కనుక మొదటి పనిగా ఎస్టేట్స్, సివిల్, స్పోర్ట్స్ విభాగాల నుంచి ఒక్కొక్క అధికారిని గోదావరిఖనికి పంపించండి. స్టేడియంలో టర్ఫ్‌కు చోటు సరిపోతుందా, లేక ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనో, మూసేసిన గనుల దగ్గర ఖాళీగా పడున్న సర్ఫేస్ స్థలంలోనో వెయ్యాలా అన్నది వాళ్లు కొలిచి చెబుతారు. మూతపడ్డ గని స్థలమైతే నేల కుంగే భయం ఉందో లేదో సర్వే విభాగం ముందే తేల్చాలి. రిపోర్టు వచ్చే మినీ వేలం లోపు మీ టేబుల్ మీదికి చేరితే, దాంతోపాటే తుఫాన్స్ యాజమాన్యానికి ఒక ఉత్తరం పోవచ్చు.

ఇట్లు
గోదావరిఖని హాకీ అభిమానులు